దీనిని చంపినదెవరు?
(తీరమందలి మూగజీవులును, మన విధియును)

గడచిన సంక్రాంతి సెలవులు ముగిసిన వారమున మా తరగతి విద్యార్థులను సముద్రపు ఒడ్డునకు తీసికొని పోయితిని. ఆటుపోట్లను గూర్చిన భూగోళ పాఠమును అచ్చటనే చెప్పవలెనని నా తలంపు. ఇసుకలో నూరడుగులు నడచితిమో లేదో, ఒక పెద్ద తాబేలు చచ్చి పడియుండుట కనబడెను. దాని మెడ వాచియున్నది. కన్నులను కాకులు పొడిచినవి. బాలబాలికలు చుట్టును మూగిరి. వారిలో ఒక చిన్నవాడు నా ముఖము చూచి, "మాస్టారూ, దీనిని చంపినదెవరండీ?" అని అడిగెను. నేను బదులు చెప్పకమునుపే పట్టణపు బాలురు కొందరు తమ తోడి జాలరి బిడ్డల వైపు చూచిరి. ఆ బిడ్డలు తలలు వంచుకొనిరి.

నాడు ఆటుపోట్ల పాఠము సాగలేదు. ఆ చూపును, ఆ వంచిన తలలను మరువలేక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. తీరమందలి జీవులను కాపాడుటకు రెండు కార్యములు కావలెనని నా అభిప్రాయము. ఆపదలో పడిన ప్రాణిని ఎత్తి బ్రతికించుట మొదటిది. ఆ ఆపద ఎచ్చటనుండి వచ్చెనో తెలిసికొని, దానిని అచ్చటనే ఆపునట్లు జనులకు నేర్పుట రెండవది. ఒకటి విడిచి ఒకటి నిలువదు. అయితే ఆ నేర్పుట ఇంకొకరి ముఖము వైపు చూచుటతో మొదలు కారాదు. మన వాకిటనుండియే మొదలు కావలెను.

ముందుగా ఆ తాబేలెవరో తెలిసికొందము. అది ఆలివ్ రిడ్లీ అను జాతిది. ఏటేట శీతకాలమున ఈ జాతి మన తూర్పు తీరమునకు అతిథిగా వచ్చును. ఒడిశాలోని గహీర్మాతా, ఋషికుల్యా తీరములయందు ఒక్కమారే వేలును లక్షలునుగా ఒడ్డెక్కును. మన శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు గల తీరమున ఒంటరిగా, చెదురుమదురుగా వచ్చును. ఆడ తాబేలు రాత్రివేళ ఒడ్డునకు ప్రాకి, వెనుక కాళ్లతో ఇసుకలో గొయ్యి త్రవ్వి, సుమారు 100 గ్రుడ్లు పెట్టి, ఇసుకతో పూడ్చి, తిరిగి నీటిలోనికి పోవును. 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. ఇసుక వేడిని బట్టియే పిల్ల ఆడదో మగదో నిర్ణయమగుట సృష్టికర్త చేసిన చిత్రమైన ఏర్పాటు. వేడి హెచ్చినచో ఆడపిల్లలే హెచ్చుగా పుట్టును. బయటపడిన పిల్ల వెలుతురు గల దిక్కునకు పరుగిడును. మానవుడు తీరమున విద్యుద్దీపములు నాటక పూర్వము రాత్రివేళ వెలుతురు సముద్రము మీదనే యుండెడిది. నేడు ఆ పసికూన రోడ్డు దీపమును చూచి సముద్రమనుకొని, ఊరివైపు ప్రాకి, కుక్కల నోటను బండ్ల చక్రముల క్రిందను పడుచున్నది.

శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మమున హిందూ సోదరులు కూర్మావతారమును పూజింతురు. బైబిలు చదువు మనము, నోవహు ఓడలో పవిత్రమని అపవిత్రమని భేదము లేక సకల ప్రాణులకును చోటు దొరికెనని నేర్చుకొన్నవారము. మన దేశపు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము పులికి ఎట్టి రక్షణ ఇచ్చినదో ఈ తాబేలునకును అట్టి రక్షణయే ఇచ్చినది. భక్తియు కలదు, చట్టమును కలదు. అయినను ఏటేట జనవరి మొదలు మన ఒడ్డులకు చచ్చిన తాబేళ్లు కొట్టుకొని వచ్చుచునేయున్నవి. 2025వ సంవత్సరము జనవరిలో చెన్నపట్టణపు తీరమునకు వందలకొలదిగా కొట్టుకొని వచ్చినవి. ఏల?

తాబేలు నీటిలో నివసించినను మనవలె ఊపిరితిత్తులతో గాలి పీల్చునది. మరపడవలు గంటలకొలది ఈడ్చు పెద్ద వలలో చిక్కినపుడు పైకి రాలేక ఊపిరాడక చచ్చును. వాచిన మెడ తరచుగా దానికే గురుతు. వల నడుమ ఇనుప ఊచల చట్రమును ఏటవాలుగా బిగించి, దాని పైభాగమున ఒక ద్వారము విడిచినచో, రొయ్యలు ఊచల సందున లోపలికి పోవును, తాబేలు ద్వారము గుండ బయటపడును. ఈ ఉపాయము కనుగొనబడి దశాబ్దములు గడచినవి. ఆ ద్వారము గుండ తమ చేపలు కూడ పోవునేమోయని పడవలవారి భయము. ఆ భయమును తీర్చకుండ వారిని నిందించుట సులభము.

ఇది ఒక కారణము మాత్రమే. పూర్వము వలలను నూలుతోను జనపనారతోను అల్లెడివారు. తెగిపోయిన వల కొలది కాలములో నీట చివికి నశించెడిది. నేటి నైలాను వల చివుకదు. యజమాని విడిచిన తరువాతను అది సముద్రములో తేలుచు, తాబేళ్లను, డాల్ఫినులను, చేపలను ఎవరికొరకును గాకయే పట్టి చంపుచుండును. ఇక ప్లాస్టిక్కు సంచి యున్నది. నీటిలో తేలు సంచి జెల్లీ చేపవలె కనబడుటచేత తాబేలు దానిని మ్రింగును. అది కడుపులో అడ్డుపడగా, ఆకలి తీరినట్లే తోచి, ఆహారము లేక క్షీణించును. ఈ సంచులను సముద్రములో వేసినదెవరు? జాలరి పల్లెయా? తొలకరి వాన కురిసిన మరునాడు మన బజారు వెంట పారు మురుగు కాలువను ఎవరైనను ఒక్కమారు చూడుడు. పాల సంచులు, టిఫిను పొట్లములు, నీళ్ల పాకెట్లు, షాంపూ పొట్లములు వరుసగా ప్రయాణము చేయుచుండును. ఊరు చిన్నదైనను, సముద్రము దూరమైనను, కాలువకు త్రోవ తెలియును.

కాబట్టి ఆ చిన్నవానికి నేనిచ్చు ప్రత్యుత్తరమిది. నాయనా, దానిని చంపిన చేయి ఒక్కటి కాదు. అందులో నీ చేయియు నా చేయియు కలవు.

ఇక రక్షించుటను గూర్చి దూరదేశపు దృష్టాంతము నొకటి చెప్పెదను. దక్షిణాఫ్రికాలో కేప్ టౌను పట్టణమునకు సమీపమున రాబెన్, డాసెన్ అను దీవులు కలవు. నెల్సన్ మండేలా చెరయందుండిన రాబెన్ దీవి ఇదియే. ఆ దీవులు ఆఫ్రికా పెంగ్విన్ పక్షులకు నివాసములు. 1994వ సంవత్సరమున అపోలో సీ అను ఓడ మునిగి దాని ఇంధనపు నూనె సముద్రము మీద పరచుకొనగా సుమారు 10,000 పక్షులు నూనెతో తడిసెను. నూనె తగిలిన ఈకలు అంటుకొనిపోయి చలిని ఆపలేవు. పక్షి ఈకలను ముక్కుతో దువ్వుకొనుటచే నూనె కడుపులోనికిని పోవును. నాడు జనులు పక్షులను పట్టి తెచ్చి కడిగిరి గాని సుమారు సగము చచ్చెను.

ఆరు సంవత్సరముల తరువాత, 2000 జూన్ 23న, ట్రెజర్ అను మరియొక ఓడ ఆ రెండు దీవుల నడుమనే మునిగెను. ఈ మారు సుమారు 19,000 పక్షులకు నూనె అంటెను. అయితే జనులు మొదటి అపజయమును పాఠముగా నేర్చియుండిరి. 1968లో ఆల్తియా వెస్ట్‌ఫాల్ అను స్త్రీ స్థాపించిన సాన్‌కాబ్ అను పక్షిసంరక్షణ సంఘము ముందు నిలిచెను. రైలుపెట్టెలను బాగుచేయు పెద్ద షెడ్డు పక్షుల ఆసుపత్రిగా మారెను. పండ్రెండువేలకు మించిన జనులు జీతము కోరక వచ్చి పక్షులను కడిగిరి. చేపలను ఒక్కొక్కటిగా నోటికందించిరి. ఇంకను నూనె తగులని మరి 19,500 పక్షులను పట్టి, సుమారు 800 కిలోమీటరుల దూరమునకు బండ్లమీద తీసికొని పోయి సముద్రములో విడిచిరి. అవి తమ దీవులకు ఈదుకొని వచ్చులోపల అచ్చటి నీటిని శుభ్రపరచవచ్చునని వారి యుక్తి. ఆ యుక్తి ఫలించెను. నూనె అంటిన పక్షులలో పదింట తొమ్మిది బ్రతికెను. ప్రేమ 1994లోను కలదు. 2000లో ప్రేమతోపాటు విద్య కూడ చేరెను. భేదమంతయు అదియే.

కథ ఇచ్చటనే ముగిసినయెడల ఎంత సంతోషము! ముగియలేదు. అంత ప్రయాసతో బ్రతికించిన ఆ పెంగ్విన్ జాతి 2024వ సంవత్సరమున మిక్కిలి ఆపదలోనున్న జాతుల పట్టికలో చేర్చబడెను. వాటి ఆహారమైన కవళ్లు, నెత్తళ్లు వంటి చిన్న చేపలు ఆ సముద్రములో తగ్గిపోవుట ముఖ్య కారణము. పక్షిని కడుగవచ్చును. కాని కడిగిన పక్షి తిరిగి పోవలసినది సముద్రమునకే కదా! ఆ సముద్రము దానిని పోషింపలేనిదైనపుడు మన కడుగుట ఎంత కాలము నిలుచును?

మన ఇంటి సమీపమునను ఇట్టివి జరిగినవి. 2017 జనవరి 28న చెన్నపట్టణమునకు ఉత్తరమున ఎన్నూరు రేవు ఎదుట రెండు ఓడలు ఢీకొనగా నల్లని నూనె ఒడ్డున పేరుకొనెను. జాలరులు, విద్యార్థులు, తీరరక్షక దళమువారు బొక్కెనలతో ఆ బురదను తోడిరి. 2023 డిసెంబరులో తుపాను వరదలతో ఎన్నూరు ఉప్పుటేటిలోనికి మరల నూనె చేరగా గూడబాతుల ఈకలు నల్లబడెను. మన నేలపట్టునందు చెట్లపై గూళ్లు కట్టుకొను పక్షులును ఆ జాతివే. పక్షులకు జిల్లాల సరిహద్దులు తెలియవు, నూనెకును తెలియవు.

కొందరు పెద్దలు నన్నడుగుదురు: "మనుష్యులే ఆకలితో నుండగా తాబేళ్లకొరకు ఈ చింత యేల? జాలరి వల కోసినచో వాని బిడ్డలకు అన్నమెవరు పెట్టుదురు?" ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నైలాను వల ఖరీదైనది. అప్పు చేసి కొన్న వలను తాబేలు నిమిత్తము కోయుమని జీతగాడనైన నేను ఒడ్డున నిలిచి చెప్పుట సుళువు. ఈ ప్రశ్నకు నా బదులు గుజరాతునుండి వచ్చుచున్నది.

సౌరాష్ట్ర తీరమున తిమింగల సొరచేపను పూర్వము విస్తారముగా వేటాడెడివారు. దాని కాలేయపు నూనెను పడవలకు పూసెడివారు. 2001లో ప్రభుత్వము ఆ వేటను నిషేధించెను. అయినను చట్టమున్నదని పల్లెలలో పెక్కుమందికి తెలియదు. 2004లో దానిని గూర్చి ఒక ప్రచారము ఆరంభమయ్యెను. రామకథలు చెప్పు మొరారీ బాపు అను పేరుగాంచిన ప్రవక్త, ఈ చేప పురిటికై పుట్టింటికి వచ్చు ఆడబిడ్డ వంటిదని ఆ జనులకు చెప్పెను. ఆ చేపకు 'వ్హాలీ', అనగా ప్రియమైనది, అని పేరు పెట్టిరి. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను చంపుకొను ఇల్లు ఏది? అంతతో ఆగక, చేపను విడిచిపెట్టుటకు కోసిన వలలకు అటవీశాఖవారు పరిహారము చెల్లించు ఏర్పాటును చేసిరి. ఒకప్పుడు వేటాడిన జాలరులే తమ వలలను తామే కోసి ఇంతవరకు వందలకొలది చేపలను విడిచిపెట్టిరి.

ఇందులో మన ఉపాధ్యాయులకు గొప్ప పాఠము కలదు. ఆ జనులను ఎవరును సిగ్గుపరచలేదు. వారి మాటలో, వారి యింటి పోలికతో చెప్పిరి. నష్టమును వారి నెత్తిననే వేయక పంచుకొనిరి. బోధ యనగా ఇదియే. తల వంచుకొన్న బిడ్డ ఏమియు నేర్చుకొనడు. నేర్చుకొనినను మనలను క్షమింపడు.

మన విద్యాలయములలో ఈ బోధ ఎట్లు జరుగుచున్నది? దాచక చెప్పెదను. సంవత్సరమునకు ఒక దినము ఊరేగింపు తీయుదుము. సముద్రమును కాపాడుడని పెద్ద అక్షరములతో ఫ్లెక్సీ బ్యానరు కట్టుదుము. అల్పాహారమును పొట్లములలో పంచుదుము. ఫొటోలు తీయించుకొందుము. ఒకమారు ఊరేగింపు జరిగిన నాలుగవ దినమున ఆ బ్యానరే కాలువలో తేలుచుండుట నేను చూచితిని. దానిని కట్టించినవారిలో నేనును ఒకడను. ప్లాస్టిక్కుపై ప్లాస్టిక్కుతోనే ప్రసంగించితిమి.

కావున రాబోవు సంవత్సరమునకు కొన్ని పనులను మనవి చేయుచున్నాను. ఇవి పెద్దవి కావు, గాని విడువక చేయవలసినవి.

మొదటిది, ఒడ్డున అర కిలోమీటరు మేర ఇసుకను మన పాఠశాల తనదిగా ఎంచుకొనవలెను. పక్షమునకొక శనివారము ఉదయమున ఒక తరగతి అచ్చటికి పోయి, ఏరిన చెత్తను రకములవారీగా లెక్కించి, తూచి, ఒక పుస్తకమున వ్రాయవలెను. సంవత్సరాంతమున ఆ లెక్కలే మన గణితపాఠము, మన భూగోళపాఠము, మన ఆత్మపరీక్ష. ఆ పుస్తకములో మన ఊరి దుకాణముల సంచులెన్ని కనబడునో చూచినపుడు ఎవరి వైపు చూడవలెనో బాలురకు తెలియును.

రెండవది, మన ప్రహరీ వెలుపలి కాలువకు ఒక ఇనుప జాలి బిగించి, దానిలో చిక్కిన చెత్తను దినదినము తీయవలెను. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు వస్తువులు అనేకములను ప్రభుత్వము 2022 జూలై 1 నుండి నిషేధించినది. వార్షికోత్సవమునకు స్టీలు గ్లాసులు కడుగుట కష్టమని మనమే సాకు చెప్పినచో, చట్టమును ఎవరు గౌరవింతురు?

మూడవది, ప్రాణులను రక్షించు పద్ధతిని తెలిసికొని మరి రక్షింపవలెను. తెలియని ప్రేమ చంపును. బ్రతికిన తాబేలు అలసి ఒడ్డున పడియున్నచో దానిని వెంటనే కెరటములలోనికి త్రోయరాదు. నీడ కల్పించి, తడిగుడ్డ కప్పి, ముక్కు రంధ్రములు మూయకుండ చూచి, కుక్కలను తోలి, అటవీశాఖవారికి కబురంపవలెను. గ్రుడ్లను మనమై త్రవ్వరాదు. పెట్టిన కొన్ని గంటల తరువాత గ్రుడ్డును తలక్రిందులు చేసినయెడల లోని పిండము చచ్చును. అందుచేత అటవీశాఖవారు నియమించిన నేర్పరులే వాటిని కంచెలోనికి చేర్తురు. పిల్లలను తొట్టినీళ్లలో వేసి ఆడుకొనరాదు. తొలి దినముల ఈతకై దేవుడు వాటికిచ్చిన బలము ఆ తొట్టిలోనే ఖర్చగును. వాటిని ఇసుక మీద తమంతట తామే నడచి పోనీయవలెను.

నాలుగవది నాకు అన్నింటికంటె ముఖ్యమైనది. మన జాలరి పల్లెలోని పెద్దలను పాఠశాలకు గురువులుగా పిలువవలెను. గాలి, నీటి వాలు, చేప జాడ, తాబేలు ఒడ్డెక్కు రాత్రి, ఇవి శిక్షణ కళాశాలలో నాకెవరును నేర్పలేదు, వారికి తెలియును. తెగిన వలలను సముద్రములో విడువక ఒడ్డునకు తెచ్చినవారికి ఏదో యొక ప్రతిఫలము దొరకు ఏర్పాటును మిషను పెద్దలు ఆలోచింపవలెనని వినయముతో వేడుచున్నాను. వారి బిడ్డలు తరగతిలో తల యెత్తుకొని కూర్చుండవలెను.

తలిదండ్రులారా, మీ బిడ్డకు మధ్యాహ్నపు అన్నమును కారియరులో కట్టి పంపుడు. బజారునకు పోవునపుడు గుడ్డసంచి చేతబట్టుడు. ఇంత చిన్న పనితో సముద్రము శుభ్రమగునాయని నవ్వకుడు. సముద్రమును చెరిపినవియు చిన్న పనులే.

మన ప్రభువు తన శిష్యులలో పలువురిని జాలరులనుండి ఎన్నుకొనెను. గలిలయ సముద్రపు ఒడ్డు సమీపమున ఐదువేలమందికి రొట్టెలును చేపలును పంచిపెట్టిన కథ మనకందరకును కంఠపాఠమే. అద్భుతమును గూర్చి మనము తరచు ప్రసంగింతుము గాని, భోజనమైన తరువాత ఏమి జరిగెనో అంతగా తలంపము. మిగిలిన ముక్కలను, ఏదియు పాడు కాకుండ, ఆయన శిష్యులచేత ఏరించెను. పండ్రెండు గంపలు నిండెను. అంత జనసమూహము కూర్చుండి తినిన పచ్చిక మీద చెదరిన ముక్కలు మిగులలేదు. అద్భుతము చేయుట మనవలన కాదు. ఏరుట మనవలన అగును.

మరుసటి సంక్రాంతి తరువాత మరల నా తరగతిని ఆ ఒడ్డునకే తీసికొని పోవుదును. అచ్చట తాబేలు పడియుండదని చెప్పలేను. పడియున్నచో, మరల ఆ ప్రశ్నయే పుట్టినచో, మా పిల్లలు ఒకరి ముఖము ఒకరు చూడక, ముందుగా తమ చేతులను చూచుకొందురని నా ఆశ. ఆ పిమ్మట ఆ చేతులతోనే గంప యెత్తుదురుగాక.